షెడ్డులో నిలిపిన బండి

పన్నెండేండ్లుగా నావి రెండు ఉద్యోగాలు.
పొద్దున తిరుపతి కొండ బస్సులకు బ్రేకులు చూడటం,
సాయంత్రం అదే డిపో కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పడం.
రెండోదానికి జీతం లేదు, తిట్లు మాత్రం ఇస్తారు.

ఘాట్ రోడ్డు దిగొచ్చిన బండి చక్రం దగ్గర
చెయ్యి పెడితే తెలుస్తుంది
ఇనుముకు కూడా అలుపుంటుందని.
దాన్ని ఓ పూట నిలపాల్సిందే.
అట్లని నాలుగు రోజులు నిలిపిన బండిని
తెల్లారి మూడున్నరకు స్టార్ట్ చేసి చూడండి,
దగ్గుతుంది, దగ్గుతుంది, ఊరుకుంటుంది.
ఈ రెండూ నాకు తెలుసు.
తెలిసినోడికే కదా తంటా.

ఆఖరి లీగ్ మ్యాచ్ పుత్తూరు మగ్గాలోళ్ళతో.
గెలిచినా ఓడినా మేం సెమీస్‌కి పోయినట్టే.
ముగ్గుర్ని కూర్చోబెట్టినాను:
ఢిల్లీబాబు, మస్తాను, గోల్‌కీపర్ దొరవేలు.
"నాకేమైందన్నా?" అన్నాడు ఢిల్లీబాబు.
"ఏమీ కాలేదు. కాకూడదనే."
వాడు బూట్లు విప్పలేదు.
తొంభై నిమిషాలూ లేసులు బిగిస్తా, వదులు చేస్తా,
గీత బయట గడ్డి పీకుతా కూర్చున్నాడు.

వాడికెట్లా చెప్పేది,
పోయిన సంవత్సరం ఇట్లాంటి మ్యాచ్‌లోనే,
ఎవరికీ అక్కరలేని మ్యాచ్‌లో,
ఏకాంబరం మోకాలు
ఎండు చెరుకుగడ మాదిరి పటుక్కుమన్న చప్పుడు
నా చెవిలో ఇంకా ఉందని?
ఏకాంబరమిప్పుడు టోకెన్ కౌంటర్లో కూర్చుంటాడు.
నన్ను చూస్తే నవ్వుతాడు.
ఆ నవ్వుకు భయపడి నేను పక్క దోవన పోతాను.

పుత్తూరు చేతిలో మూడు గోల్స్‌తో ఓడినాం.
నేను లెక్క చెయ్యలేదు.

పదకొండు రోజుల తర్వాత సెమీఫైనల్,
రేణిగుంట వర్క్‌షాపు జట్టుతో.
వాళ్ళకు ప్రతి మ్యాచ్‌కీ అదే పదకొండు మంది,
కట్లు కట్టుకుని, కుంటుకుంటా వచ్చినారు.
మావాళ్ళు ఇస్త్రీ బట్టల మాదిరి దిగినారు.
ఆరో నిమిషంలో దొరవేలు ముందుకొచ్చినాడు,
బాలు వాడి వెనక్కి పోయింది.
అర అడుగు. అంతే.
పదకొండు రోజులూ ఆ అర అడుగులోనే దాక్కోనున్నాయి.
పంతొమ్మిదో నిమిషంలో ఇంకోటి.
అప్పటిగ్గానీ ఢిల్లీబాబు కాళ్ళు
వాడివని వాడికి గుర్తు రాలేదు.
ఆ తర్వాత, అబ్బ, ఏం ఆడినారు!
కరకంబాడి వైపు నుంచి గాలి లేచి
దుమ్ము మొహాన కొడతా ఉంటే
ఆ దుమ్ములోంచే ఒక గోల్.
ఢిల్లీబాబు కొట్టిన ఇంకొకటి పోస్టుకు తగిలి
ఖంగుమని తిరిగొచ్చింది.
ఒకటికి రెండు.

టీ కొట్టు దగ్గర తీర్పు అప్పుడే వచ్చేసింది:
"కూర్చోబెట్టి తుప్పు పట్టించినాడప్పా పిల్లోళ్ళని."
కావచ్చు.
కానీ ఆ ఒక్క గోల్ కొట్టిందెవరు?
యుగంధర్. అప్రెంటిస్ పిల్లోడు.
పుత్తూరు మ్యాచ్‌లో ఢిల్లీబాబు స్థానంలో దిగి
ఖాళీ గోల్ ముందు మూడుసార్లు తడబడినోడు.
ఆ పొద్దు తడబడే అవకాశం లేకుంటే
ఈ పొద్దు వాడి కాలు కుదురుగా ఉండేదా?
ఈ మాట టీ కొట్టులో అనలేదు.
అన్నా, గ్లాసులు కడిగిన నీళ్ళల్లో పోయేది.

రాత్రి ఢిల్లీబాబు షెడ్డుకొచ్చినాడు.
నేను గుంతలో, బస్సు కింద.
పైన వాడి చెప్పులు మాత్రం కనపడతా ఉన్నాయి.
"అన్నా, ఆ పొద్దు నన్ను ఆడించింటే?"

ఆడించింటే గెలిచేవాళ్ళమేమో.
ఆడించింటే నువ్వూ ఏకాంబరం పక్క కుర్చీలో ఉండేవాడివేమో.
జరగని మ్యాచ్‌కు విజిల్ ఎవడు ఊదుతాడు?

"ఆ పదిహేడో నంబరు పానా ఇట్లా ఇయ్యి" అన్నాను.
గొంతుక్కూర్చుని, వంగి, ఇచ్చినాడు.
వాడి మోకాళ్ళు చప్పుడు లేకుండా ముడుచుకున్నాయి.
పానా చేతిలో పట్టుకుని
చాలాసేపు వాటినే చూసినాను.